కత్బా – శాసనం – ఛాయాచిత్రం

మర్రిపాడుకు ఒకవైపు ఆత్మకూరు, మరొకవైపు ఉదయగిరి. ఈ ప్రాంతపు విద్యార్థికి ఉదయగిరి కొండ నిత్యపరిచితమైన దృశ్యం. నిత్యం చూచే వస్తువును గురించి మనం ఎక్కువగా ఆలోచించము. కొండ ఎక్కిన యువకులు చేతిలోని ఫోనుతో తమ చిత్రాలు తీసుకొని దిగివస్తారు. వారి వెనుక గోడమీద ఉన్న అక్షరాలు ఆ చిత్రంలో సగం పడతాయి, సగం పడవు. ఆ అక్షరాలను ఎవరు చెక్కించారు, ఏ భాషలో చెక్కించారు, అవి ఇంకెన్నాళ్లు నిలుస్తాయి అనే ప్రశ్న ఎవరికీ తోచదు.

కంప్యూటరు, కెమెరా మొదలైనవి విజ్ఞానశాస్త్ర విద్యార్థుల సొత్తు అనీ, చరిత్ర, సాహిత్యం, కళలు చదివేవారికి కలమూ కాగితమూ చాలుననీ మనలో చాలామందికి ఒక అభిప్రాయం ఉన్నది. ఈ అభిప్రాయం నేడు నిలువదు. శిథిలమైన శాసనాన్ని, నల్లబడిన తాళపత్రాన్ని, చిరిగిన ఉర్దూ పత్రాన్ని డిజిటల్ ఛాయాచిత్రం సహాయంతో తిరిగి చదవగలిగే కాలంలో మనం ఉన్నాము. ఈ విధానం ఏమిటి, ఎట్లా పనిచేస్తుంది, దాని హద్దులు ఏవి, మన ప్రాంతంలో దానివలన ఏమి ప్రయోజనం అనే విషయాలను ఈ వ్యాసంలో వివరింప సంకల్పించాము.

ఉదయగిరి ఒక గ్రంథాలయం

ఉదయగిరి దుర్గం ఒకప్పుడు 13 కోటల సముదాయం. వాటిలో 8 కొండమీద, 5 కొండ దిగువన ఉండేవి. గజపతుల అధీనంలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో వశపరచుకొన్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకొనిపోయి 1515లో అక్కడ ప్రతిష్ఠింపజేశాడు. తరువాత ఈ సీమ గోల్కొండ పాలనలోకి వచ్చినది. కొండమీది మసీదులో రెండు పారసీక శాసనాలు కలవు. అబ్దుల్లా కుతుబ్‌షా సామంతుడైన షేక్ హుసేన్ ఈ పట్టణాన్ని జయించి మసీదు కట్టించినట్లు అవి తెలుపుతాయి. అబ్దుల్లా కుతుబ్‌షా గోల్కొండను పాలించినది 1626 నుండి 1672 వరకు.

ఒకే కొండమీద, ఒకే వాన తడిసే రాళ్లమీద, ఒక లిపి ఎడమనుండి కుడికి, మరొకటి కుడినుండి ఎడమకు సాగుతున్నది. తెలుగువారు శాసనం అంటారు, ఉర్దూవారు కత్బా అంటారు. రెండింటి ప్రయోజనం ఒక్కటే: చెప్పిన మాట చెరిగిపోకుండుట. కాని రాయి కూడా అరుగుతుంది. ఎండకు పొరలు లేస్తాయి, వానకు నాచు పడుతుంది, భక్తితో వేసిన సున్నం అక్షరపు గాడిని పూడ్చివేస్తుంది. ఏటేటా కొంచెంగా ఈ గ్రంథాలయం మూతపడుతున్నది.

ఒక సంగతి ఇక్కడే చెప్పవలసి ఉన్నది. రాతిమీది మాట చదవరాకుండా పోయిన చోట వదంతి ప్రవేశిస్తుంది. ఫలానా శాసనంలో ఇట్లా ఉన్నదట, అట్లా ఉన్నదట అని ఎవరికి తోచినది వారు చెబుతారు. చూచి చెప్పినవారెవరూ ఉండరు. గతాన్ని గురించి గ్రామాలలో పుట్టే మనస్పర్థలలో చాలాభాగం ఈ 'అట' నుండి పుట్టినవే. కావున శాసనపు స్పష్టమైన చిత్రం ఒకటి అందరి ఎదుట ఉండుట పండితుల అవసరం మాత్రమే కాదు, పౌరుల అవసరం కూడా.

పూర్వులు నకలు తీసిన విధానం

శాసనాల నకళ్లు తీయడం మనకు కొత్త కాదు. కాలిన్ మెకంజీ (1754–1821) తన సర్వే ఉద్యోగంలో భాగంగా తిరుగుతూ గ్రామచరిత్రలను, శాసనాలను సేకరింపజేశాడు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు కావలి వెంకట బొర్రయ్య. 1803లో చిన్నవయస్సులోనే మరణించిన ఈ తెలుగు యువకుడు, అతని సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కంటితో చూచి చేతితో వ్రాసుకొన్నారు. మనం కైఫీయతులని పిలుచుకొనే గ్రామచరిత్రలు అట్లా ఏర్పడినవే. చేతి నకలులో ఒక ఇబ్బంది కలదు. వ్రాసేవాడు చూచినదానితోపాటు తాను ఊహించినది కూడా తెలియకుండానే వ్రాస్తాడు. తరువాతివారికి ఆ రెండింటిని వేరుచేయుట సాధ్యం కాదు.

తరువాత సిరా అచ్చు పద్ధతి వచ్చినది. రాతిని కుచ్చుతో శుభ్రం చేసి, తడిపిన కాగితాన్ని దానిమీద పరచి, కుచ్చుతో మెల్లగా కొడతారు. కాగితం అక్షరాల గాడులలోకి దిగుతుంది. పిమ్మట సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన అద్దితే నేల నల్లగానూ, అక్షరం తెల్లగానూ తేలుతుంది. ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. నేర్పరి చేతిలో అది అద్భుతమైన సాధనం. అయితే రాతికి నీరు, ఒత్తిడి తగులుతాయి. పొరలు లేచిన రాతిమీద ఆ పని ప్రమాదకరం. సున్నపు గచ్చుమీద చేయరాదు.

మన జిల్లావారికి గర్వకారణమైన ఒక గ్రంథాన్ని ఈ సందర్భంలో స్మరించాలి. ఎ. బటర్‌వర్త్, వి. వేణుగోపాల శెట్టి అనేవారు నెల్లూరు జిల్లాలోని తామ్రపత్రాలను, శిలాశాసనాలను సేకరించి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా ప్రచురించారు. తాలూకాల వారీగా, గ్రామాల వారీగా పాఠాలను ముద్రించిన ఆ సంపుటాలు లేకపోతే నెల్లూరు చరిత్ర ఎంతో వెలితిగా ఉండేది. అటుపిమ్మట పారసీక, అరబ్బీ శాసనాల విషయంలో హైదరాబాదు సంస్థానానికి చెందిన గులాం యజ్దానీ చేసిన కృషి చిరస్మరణీయమైనది. 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖకు ఆయన తొలి అధిపతి. ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా అనే శాసన పత్రికకు సంపాదకుడు.

ఈ మహనీయుల పాఠాలలో ఎక్కడైనా సందేహం కలిగితే మనం ఏమి చేయాలి? మళ్లీ రాతివద్దకు పోవాలి. కాని 1905లో స్పష్టంగా ఉన్న అక్షరం నేడు అట్లాగే ఉండునని నమ్మకం లేదు. పాఠం మిగిలి, దానికి సాక్ష్యమైన రాయి అరిగిపోతే, పండితుని మాటను నమ్ముట తప్ప మనకు గత్యంతరం ఉండదు. డిజిటల్ చిత్రణ తీర్చే మొదటి కొరత ఇదే. అది పాఠాన్ని కాక సాక్ష్యాన్ని దాచిపెడుతుంది.

అజంతా నేర్పిన పాఠం

సాక్ష్యాన్ని దాచుట అంటే ఏమిటో, దాచుటలో పొరపాటు జరిగితే ఏమగునో అజంతా చరిత్ర తెలుపుతుంది. అజంతా గుహలు ఆనాడు నిజాం రాజ్యంలో ఉండేవి. మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్ 1844 మొదలుకొని సంవత్సరాల తరబడి ఆ చిత్రాలకు నకళ్లు వ్రాశాడు. లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ప్రదర్శించిన ఆ పటాలలో అత్యధికభాగం 1866లో అగ్నికి ఆహుతి అయినవి. 1872 నుండి 1885 వరకు జాన్ గ్రిఫిత్స్ తన బొంబాయి కళాశాల విద్యార్థులతో మళ్లీ నకళ్లు వ్రాయించాడు. వాటిలో అనేకం 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో మరొక అగ్నిప్రమాదంలో పోయినవి. ఆ తరువాత యజ్దానీ ఛాయాచిత్రాల ఆధారంగా 1930–1955 మధ్య నాలుగు భాగాలుగా అజంతా గ్రంథాన్ని వెలువరించాడు. అది అచ్చై అనేక ప్రతులుగా లోకమంతటా వ్యాపించినందువలన ఏ ఒక్క అగ్నికీ దొరకలేదు.

ఒక్క చోట దాచిన ఒక్క నకలు నకలు లేనట్టే. ఈ సూత్రం కాన్వాసుకూ, కంప్యూటరుకూ సమానంగా వర్తిస్తుంది.

డిజిటల్ చిత్రం అనగా నేమి?

పూర్వపు ఛాయాచిత్రంలో వెలుగు వెండి లవణాలమీద పడి నలుపు తెలుపులుగా మారేది. డిజిటల్ కెమెరాలో ఆ ఫలకం స్థానంలో లక్షలాది అతిసూక్ష్మమైన గళ్లుగల పలక ఉంటుంది. ప్రతి గడి తనమీద పడిన వెలుగును ఒక అంకెగా మారుస్తుంది. ఈ గడినే పిక్సెల్ అంటారు. చిత్రం అనేది చివరకు అంకెల పట్టిక. మన ప్రయోజనానికి ముఖ్యమైనది ఈ అంకెల స్వభావమే. అంకెలను కూడవచ్చు, తీసివేయవచ్చు, ఒక చిత్రాన్ని మరొక చిత్రంతో పోల్చవచ్చు. కంటికి కనిపించని స్వల్పభేదాన్ని పెంచి కంటికి కనిపించేట్లు చేయవచ్చు. నకలు తీసినకొద్దీ కాగితపు నకలు మసకబారుతుంది. అంకెల నకలు నూరవది కూడా మొదటిదాని వలెనే ఉంటుంది.

కొలతలు చూద్దాము. ఒక సాధారణ ఎ-4 పుటను అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున చిత్రిస్తే వెడల్పున 2,480, పొడవున 3,508, మొత్తం సుమారు 87 లక్షల పిక్సెళ్లు అవుతాయి. ఒక్కొక్క పిక్సెల్‌కు మూడు రంగుల అంకెలు. కుదింపకుండా దాచితే పుటకు సుమారు 26 మెగాబైట్లు, వేయి పుటలకు 26 గిగాబైట్లు కావాలి. అరచేతిలో ఇమిడే డిస్కులో ఇటువంటి పుటలు వేలకొలది పడతాయి. అట్లాగే ఒక మీటరు ఎత్తుగల శాసనాన్ని నిలువునా 4,000 పిక్సెళ్లు వచ్చేట్లు తీస్తే మిల్లీమీటరుకు 4 పిక్సెళ్లు దక్కుతాయి. 3 మిల్లీమీటర్ల వెడల్పుగల ఉలి గాడి 12 పిక్సెళ్ల మేర కనిపిస్తుంది. చదువుటకు అది చాలును. నేటి సాధారణమైన ఫోను కెమెరా కూడా ఈపాటి పని చేయగలదు. కొరత సాధనంలో లేదు, క్రమశిక్షణలో ఉన్నది.

వెలుగును ఏటవాలుగా పట్టుట

మిట్టమధ్యాహ్నం అరిగిన శాసనాన్ని చూస్తే ఏమీ కనిపించదు. అదే రాయి సాయంకాలం నీరెండలో అక్షరాలను చూపుతుంది. ఎదురుగా పడే వెలుగు గాడిని, మిట్టను సమానంగా వెలిగిస్తుంది. పక్కనుండి వాలుగా పడే వెలుగులో గాడి ఒక అంచు నీడలో, మరొక అంచు వెలుగులో ఉంటుంది. పొలంలో నాగటి చాళ్లు పొద్దు వాలినప్పుడు స్పష్టంగా కనిపించుట రైతుబిడ్డలందరికీ తెలిసిన విషయమే.

ఈ సహజమైన అనుభవాన్ని శాస్త్రంగా మార్చినవారు హ్యూలెట్-ప్యాకార్డ్ ప్రయోగశాలకు చెందిన టామ్ మాల్జ్‌బెండర్, అతని సహచరులు. 2001లో వారు ప్రకటించిన పద్ధతి నుండి పెరిగిన విధానాన్ని నేడు ఆర్.టి.ఐ. అంటున్నారు. ఆర్.టి.ఐ. అనగానే మన విద్యార్థులకు సమాచార హక్కు చట్టం గుర్తుకు రావచ్చును. ఇది కూడా ఒక విధంగా రాతినుండి సమాచారం కోరుటయే.

పద్ధతి ఇది. కెమెరాను ముక్కాలి పీటమీద కదలకుండా నిలుపుతారు. శాసనం పక్కన నిగనిగలాడే నల్లని గోళీలు రెండు అమర్చుతారు. తరువాత ఒక దీపాన్ని శాసనం చుట్టూ అన్ని దిక్కులనుండి, ఎత్తునుండి, పల్లంనుండి పట్టుతూ ఒక్కొక్క చిత్రం తీస్తారు. ప్రతిసారి దీపం ఒకే దూరంలో ఉండుటకు దారంతో కొలుచుకొంటారు. ఇట్లా 40, 50 చిత్రాలు తీయాలి. గోళీమీద మెరిసిన చుక్కను బట్టి వెలుగు ఏ దిక్కునుండి వచ్చినదో కంప్యూటరు లెక్కకడుతుంది. రాతిలోని ప్రతి బిందువు ఏ వెలుగుకు ఎంత మెరిసినదో చూచి ఆ బిందువు ఎటు వాలి ఉన్నదో నిర్ణయిస్తుంది. ఫలితంగా తెరమీద మనం వెలుగును కోరిన దిక్కుకు తిప్పుకొంటూ శాసనాన్ని చదువవచ్చును. రాతి రంగును తొలగించి ఆకృతిని మాత్రమే చూడవచ్చును. దీనికి కావలసిన కంప్యూటరు కార్యక్రమాలు ఉచితంగానే లభిస్తాయి. రాతికి చేయి తగలదు, నీరు తగలదు.

మరొక విధానంలో వస్తువు చుట్టూ తిరుగుతూ, ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ సగానికి మించి ఉమ్మడిభాగం ఉండేట్లు అనేక చిత్రాలు తీస్తారు. మన రెండు కళ్లు రెండు కోణాలనుండి చూచి దూరాన్ని గ్రహించినట్లే కంప్యూటరు ఈ చిత్రాలనుండి వస్తువు లోతును గ్రహించి త్రిమితీయ రూపాన్ని నిర్మిస్తుంది. శిథిలమైన బురుజుకు, వీరగల్లుకు, చెక్కడపు స్తంభానికి ఇది అనువైనది. శాసనాలను ఈ విధంగా మూడు కొలతలలో భద్రపరచే పనికి పొరుగున ఉన్న బెంగళూరులో మిథిక్ సొసైటీ పూనుకొన్నది. నగరం విస్తరించే కొద్దీ మాయమవుతున్న శాసనాలను అక్కడి కార్యకర్తలు పరికరాలతో కొలిచి భద్రపరుస్తున్నారు. పట్టణం చేయగలిగినది పల్లె చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

కంటికి అందని వెలుగు

రాతికి ఏటవాలు వెలుగు ఎటువంటిదో, పత్రానికి అదృశ్యకాంతి అటువంటిది. మన కన్ను ఊదా నుండి ఎరుపు వరకే చూడగలదు. ఎరుపుకు ఆవల పరారుణ కాంతి, ఊదాకు ఆవల అతినీలలోహిత కాంతి ఉన్నాయి. కెమెరా పలక వీటిలో కొంతభాగాన్ని గ్రహించగలదు. తాళపత్రం వయస్సుతో గోధుమవర్ణానికి, నలుపుకు తిరుగుతుంది. దానిలోని మసి అక్షరం నేలలో కలిసిపోతుంది. పరారుణ కాంతిలో ఆకు తేలికగా వెలుగుతుంది, మసి మాత్రం ఆ కాంతిని మింగి నల్లగానే ఉంటుంది. అక్షరం మళ్లీ ప్రత్యక్షమవుతుంది. దీపపు మసితో చేసిన రోష్నాయితో వ్రాసిన ఉర్దూ, పారసీక పత్రాలకూ ఈ నియమమే వర్తిస్తుంది.

ఈ విధానపు విజయాలలో లోకప్రసిద్ధమైనది ఆర్కిమెడీస్ గ్రంథం. ఆ గణితవేత్త రచనలను 10వ శతాబ్దంలో తోలుపత్రాలమీద వ్రాశారు. 13వ శతాబ్దంలో ఒకరు ఆ సిరాను గీకివేసి, అదే పత్రాలమీద ప్రార్థనలు వ్రాసుకొన్నారు. 1998లో వేలంలో అమ్ముడుపోయిన ఆ గ్రంథాన్ని బాల్టిమోరులోని వాల్టర్స్ కళాసంగ్రహాలయంలో ఉంచి అనేకవర్ణాల కాంతులతోను, కొన్ని పుటలను ఎక్స్ కిరణాలతోను చిత్రించారు. గీకివేసిన గణితం తిరిగి చదువబడినది. ఆ చిత్రాలను 2008లో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. గణితజ్ఞుడు, గ్రీకు పండితుడు, భౌతికశాస్త్రవేత్త ఒకే పుటమీద కలిసి పనిచేయుట ఈ కథలోని అందమైన విషయం. చరిత్ర విద్యార్థికి, భౌతికశాస్త్ర విద్యార్థికి మధ్య మనం కట్టుకొన్న గోడ అక్కడ లేదు.

పుస్తకాలు, పేర్లు, యంత్రపఠనం

చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను డిజిటల్ చిత్రాలుగా మార్చే బృహత్ ప్రయత్నానికి నాయకత్వం వహించారు. 2007 నాటికి ఆ సంఖ్య 15 లక్షలు దాటినట్లు ప్రకటించారు. హైదరాబాదు ఆ కృషికి ఒక ప్రధాన కేంద్రం. దొరకదనుకొన్న తెలుగు, ఉర్దూ పుస్తకాలెన్నో దానివలన సామాన్య పాఠకుని చేతికి వచ్చినవి. కొన్నేళ్ల తరువాత భారత డిజిటల్ గ్రంథాలయపు వెబ్‌సైటు ఆగిపోయినది. అయినను ఆ పుస్తకాలలో అనేకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉండుటచేత పాఠకులకు దక్కినవి. అజంతా పాఠమే మళ్లీ రుజువైనది. అయితే వేగంగా జరిగిన ఆ పనిలో కొన్ని పుస్తకాల పేర్లు గుర్తుపట్టరాని విధంగా నమోదైనవి, కొన్నింటిలో పుటలు తప్పినవి. పేరు తప్పుగా వ్రాసిన పుస్తకం కళ్లెదుట ఉన్నా లేనట్టే.

కాగితం ఎంత బలహీనమైనదో ఉర్దూ ప్రేమికులకు మరొక సంఘటన తెలిపినది. 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచిన వరద, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉన్న అబ్దుస్ సమద్ ఖాన్ ఉర్దూ గ్రంథ సంచయంలోకి ప్రవేశించినది. ఒక మనిషి జీవితకాలం కూడబెట్టిన పత్రికలు, పుస్తకాలు నీట నానినవి. ముందుగా నకలు తీసి ఉంచిన పుట నీటికి భయపడదు.

చిత్రించిన పుటను యంత్రం చదవగలదా? చదవగలదు, కాని రెండు లిపులూ దానికి రెండు విధాల పరీక్ష పెడతాయి. తెలుగులో అక్షరానికి పైన గుణింతపు గుర్తు, కింద వత్తు. కొద్ది మరక పడితే ఒక అక్షరం మరొకటిగా మారుతుంది. 2001 నాటికే హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు తెలుగు అచ్చును చదివే వ్యవస్థను ప్రకటించారు, నేడు ఆ విద్య చాలా ముందుకు పోయినది. ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఏటవాలుగా దిగుతూ ఒకదానిమీద ఒకటి ఒరుగుతాయి. పొరుగు అక్షరాన్ని బట్టి రూపం మారుతుంది, చుక్కలు తమ స్థానంనుండి జరుగుతాయి. ఈ కారణంచేతనే ఉర్దూ పత్రికలను దీర్ఘకాలం కాతిబులు చేతితో వ్రాసి రాతి అచ్చు వేశారు. మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్ 1981లో వచ్చిన తరువాతనే కంప్యూటరు అక్షరకూర్పు ఉర్దూకు అలవడినది. చేతివ్రాతను, పాతరాతిని యంత్రం నేటికీ తడబడుతూనే చదువుతున్నది. కావున మనిషి కన్ను, మనిషి భాషాజ్ఞానం అనివార్యం.

హద్దులు, జాగ్రత్తలు

ఈ విద్యను పొగడినంతనే సరిపోదు. దాని హద్దులు కూడా తెలియాలి. మొదటిది: చిత్రం రాతికి బదులు కాదు. చిత్రం తీశాము గదా అని రాతిని నిర్లక్ష్యం చేస్తే మనమే దానికి శత్రువులమవుతాము. రెండవది: నేటి ఫోనులు చిత్రాన్ని అందంగా చూపుటకు తమంతట తాము అంచులను పదును చేస్తాయి, లేని నునుపును కల్పిస్తాయి. కృత్రిమ మేధతో పూరించిన అక్షరం ఊహయే గాని సాక్ష్యం కాదు. చేతి నకలు కాలపు పాత ఇబ్బంది కొత్త వేషంలో వచ్చినదని గ్రహించాలి. దిద్దని మూలచిత్రాన్ని ఎప్పుడూ విడిగా భద్రపరచాలి. మూడవది: అక్షరాలు కనిపించుటకు సుద్ద పూయుట, రంగు నింపుట, నూనె రాయుట ఎంతమాత్రం కూడదు. నాలుగవది: మసీదు, ఆలయం, దర్గా, ఇల్లు ఏదైనను అక్కడి పెద్దల అనుమతి లేకుండా చిత్రించరాదు. రక్షిత కట్టడమైతే సంబంధిత శాఖ అనుమతి తీసుకోవాలి. ఇంటి పత్రాలలో భూముల సంగతులు, బంధుత్వాల సంగతులు ఉంటాయి. వాటిని బయటపెట్టే హక్కు ఆ కుటుంబానిదే.

అన్నింటికంటె పెద్ద హద్దు మరొకటి. ఎక్కడిదో తెలియని చిత్రం ఎంత స్పష్టంగా ఉన్నా పరిశోధకునికి పనికిరాదు. చిత్రంతోపాటు ఊరి పేరు, స్థలం, రాయి ముఖం ఏ దిక్కుకు ఉన్నది, పొడవు వెడల్పులు, లిపి, తేదీ, తీసినవారి పేరు, అనుమతి ఇచ్చినవారి వివరం నమోదు కావాలి. కొలబద్ద ఒకటి చిత్రంలోనే కనిపించాలి. ఈ వివరాలలో సగం స్థానికులకు తప్ప ఇతరులకు తెలియవు. ఆ బురుజును ఏమని పిలుస్తారు, ఆ రాయిని ఏ సంవత్సరం కదిలించారు, ఆ గోడకు ఎవరు సున్నం వేయించారు అని రాజధానినుండి వచ్చిన నిపుణుడు మన పెద్దలనే అడగాలి.

మన కర్తవ్యం

ప్రభుత్వాలు ఈ విషయంలో నిద్రపోవుట లేదు. రాతప్రతులకొరకు జాతీయ సంస్థ 2003లో ఏర్పడినది. 2023 కేంద్ర బడ్జెటులో హైదరాబాదులో డిజిటల్ శాసన భాండాగారాన్ని నెలకొల్పి తొలిదశలో లక్ష శాసనాలను డిజిటలీకరింపనున్నట్లు ప్రకటించారు. 2025 బడ్జెటులో కోటికి పైగా రాతప్రతుల సర్వేకు జ్ఞానభారతం అనే కార్యక్రమాన్ని ప్రకటించారు. కాని లక్షల లెక్కలో మన ఊరి ఒక్క రాయి, మన వీధి ఒక్క పెట్టె ఎప్పుడు వంతుకు వచ్చునో చెప్పలేము. ఆ లోపల చెదపురుగు వేచి ఉండదు.

మన కళాశాలకు ఒక విశేషమైన అర్హత కలదు. ఇక్కడ తెలుగు చదివేవారు, ఉర్దూ చదివేవారు ఒకే బల్లమీద కూర్చుంటారు. ఉదయగిరి కొండమీది రెండు లిపులను చదువుటకు పెద్ద నగరాలలో ఇద్దరు పండితులను వేరువేరు శాఖలనుండి పిలువవలసి ఉంటుంది. ఇక్కడ ఇద్దరు సహాధ్యాయులు కలిసి వెళితే చాలును. పాత లిపిని చదువుట వెంటనే రాకపోవచ్చు. చిత్రించుట, కొలుచుట, నమోదు చేయుట రేపే మొదలుపెట్టవచ్చు. చదివేవారికి అక్షరం దొరికేట్లు చేయుట కూడా పాండిత్యంలో భాగమే.

పని రాతితోనే ఆగనవసరం లేదు. ఉదయగిరి కొయ్య చెంచాలమీద మన కళాకారులు చెక్కే పూలకూ లతలకూ నమూనా పుస్తకం చేతివేళ్లలోనే ఉన్నది. ఒక్కొక్క వృద్ధ కళాకారునితో కొన్ని నమూనాలు వెళ్లిపోతాయి. వాటిని వరుసగా చిత్రించి, నమూనా పేరు, కొయ్య పేరు, ఉలి పేరు వారి నోటనే విని వ్రాసుకొంటే అది కళాపరిశోధనయే. ఇంటి పెట్టెలలోని పాత వివాహపత్రాలు, ఉత్తరాలు, చేతివ్రాత పద్యాల నోటు పుస్తకాలు కూడా ఇట్టివే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం స్వల్పమైనది. ఒక ముక్కాలి పీట, ఒక కొలబద్ద, రంగుల ప్రమాణపు అట్ట ఒకటి, రెండు దీపాలు, రెండు డిస్కులు, గట్టి అట్టగల రిజిస్టరు ఒకటి. రెండు డిస్కులలో ఒకటి కళాశాల గ్రంథాలయంలో, మరొకటి వేరే ఊరిలో ఉంచవలెను. మూడవ ప్రతి వెలుపలి సంస్థ ఏదైనా ఒకదానికి పంపవలెను. రెండు మూడు సంవత్సరాల కొకసారి కొత్త డిస్కులోకి మార్చవలెను. ఏలయనగా డిస్కు కూడా రాయి వలె శాశ్వతం కాదు, రాయికంటె త్వరగానే చెడుతుంది. ఏడాదికి పది శాసనాలు, పది కుటుంబాల పత్రాలు నమోదైనా ఈ పత్రిక పది సంచికలు వెలువడేనాటికి ఈ సీమకు ఒక చిన్న భాండాగారం ఏర్పడగలదు.

విద్యార్థులకు ఒక్క మాట. ఈసారి కొండ ఎక్కినప్పుడు పెద్దల తోడుతో, పొద్దు వాలకముందే దిగివచ్చే ఏర్పాటుతో ఎక్కండి. మీ చిత్రం తీసుకొనండి, తప్పులేదు. ఆ తరువాత ఒక్క అడుగు పక్కకు జరిగి, మీ వెనుక ఉన్న గోడను తీయండి. కొలబద్ద పెట్టండి, తేదీ వ్రాయండి, దిక్కు వ్రాయండి. రాయి చెప్పని మాటను దాని నోట పెట్టకండి. చెప్పిన మాటను చెరిగిపోనివ్వకండి. చెక్కిన ఉలి ఎవరిదో మనకు తెలియదు. అక్షరాన్ని నిలిపిన చేయి ఎవరిదో రాబోయే తరం రిజిస్టరులో చూచుకొనగలదు.